అరవై నాలుగో అడుగు

నలభై అడుగుల దగ్గర గోడ ఉంది. కళ్లున్నవాళ్లు చూడవచ్చు, చెయ్యి పెట్టి తడమవచ్చు, అప్పటికీ నమ్మకం కుదరకపోతే వెళ్లి తల కొట్టుకోవచ్చు. కాని ఎవాంజెలిన్ చేసిన యాంటెన్నా మాత్రం మూడు రోజులుగా రెండు గోడలు చూపిస్తోంది. నలభై అడుగుల దగ్గర ఒకటి, దాని వెనక అరవై నాలుగు దగ్గర నీరసంగా, సన్నగా ఇంకొకటి. ముప్పై ఒక్క ఏళ్ల కిందట మూసేసిన చోట, నరమానవుడు అడుగుపెట్టని చీకట్లో, ఏదో ఉండి తరంగాన్ని తిప్పి పంపుతోంది.

ఆ యాంటెన్నా చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. అగ్గిపెట్టె కంటే చిన్న పలక, దాని మీద పదహారు రాగి చుక్కలు. బొగ్గుబాయిలో దిగే మనిషి హెల్మెట్‌కు దీపం పక్కన అతికిస్తే సరి. రాబోయే నెట్‌వర్కుల కోసం చేసిన వస్తువు. మన ఫోన్లు వాడే తరంగాల కంటే పదింతలు వేగంగా కంపించే తరంగాలతో దాని పని. బొమ్మలూ మాటలూ గంపలకొద్దీ మోస్తాయి గాని వాటికి పొగరెక్కువ. మూల తిరగవు, గోడ దాటవు, అడ్డంగా ఒక అరచెయ్యి పెడితే చాలు అలిగి ఆగిపోతాయి. వాటిని దారిలో పెట్టాలంటే పదహారు చుక్కలనూ రవ్వంత తేడాలతో మోగించి, మనిషి తల తిప్పకుండానే కిరణాన్ని తిప్పాలి. తల వేడికి, చెమటకు ఆ లెక్క చెడకూడదు. హైదరాబాదులో పదకొండు మంది ఉన్న ఒక చిన్న కంపెనీలో కూర్చుని ఎవాంజెలిన్ రెండేళ్లు చేసింది ఇదే.

దూరం కొలవడం కూడా దానికి తెలుసు. తరంగాన్ని పంపి, అది గోడకు తగిలి వచ్చేదాకా ఎంత సేపు పట్టిందో చూస్తుంది. సెకనులో వంద కోట్లవ వంతు కాలంలో తరంగం ఒక అడుగు నడుస్తుంది. అందుకని ఎవాంజెలిన్‌కు కాలాన్ని అడుగుల్లో చదవడం అలవాటైపోయింది. తెర మీద గీత ఎక్కడ లేస్తే అక్కడ ఏదో ఉన్నట్టు.

ఇప్పుడు ఆ గీతే కొంప ముంచేలా ఉంది. నాగులగుట్ట బాయిలో సోమవారం పెద్ద అధికారుల ముందు పరీక్ష. అక్కడ నెగ్గితే ఈ యాంటెన్నా అన్ని బాయిలకూ పోతుంది, లేకపోతే బుట్టలోకి. లేని గోడను చూపించే యాంటెన్నాను ఎవడు నమ్మి మనుషుల తలకు కడతాడు? బాయిలో ఫోన్లూ వైర్లూ చూసే ఇంజనీరు విష్ణువర్ధన్ ఆ మాట గురువారం మొహం మీదే అనేశాడు. తాతల నాడు గుంటూరు వైపు నుంచి గోదావరిఖనికి వచ్చి పాతుకుపోయిన కుటుంబం వాళ్లది, మాటలో మర్యాద ఎక్కువ, కనికరం తక్కువ. యాంటెన్నా సంగతి తరువాత, ముందు ఆ గోడను ఒకసారి చూపించండి అని ఎవాంజెలిన్ అడిగితే ఆయన నవ్వాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది, ఎవాంజెలిన్ గారూ. ఆ గోడ కట్టింది మీ నాన్నగారే కదండీ."

నిజమే. ఆ గోడ మత్తయి మేస్త్రీ కట్టింది. పరీక్షకు తిన్నటి గోడ కావాలంటే, ఈ బాయిలో అంతకంటే తిన్నటిది లేదని చెప్పి, పాత దారి చివర ఈ స్థలం ఇప్పించింది కూడా విష్ణువర్ధనే. గోదావరిఖనిలో ఒక మాట ఉంది. ఎవరైనా పట్టిన పట్టు విడవకుండా బిగుసుకుని కూర్చుంటే "మత్తయి గోడ లెక్క ఉన్నవేందిర" అంటారు. చిన్నప్పుడు బళ్లో ఆ మాట వింటే ఎవాంజెలిన్‌కు ఒళ్లు పొంగేది.

అందుకే ఆమె తప్పు తనలోనే వెతుక్కుంది. పది అడుగులు గోడ దగ్గరికి జరిగి కొలిచింది. మిషన్‌లో లోపమైతే ఆ రెండో గీత కదలకూడదు. కదిలింది. గోడ ముప్పై దగ్గరికి వచ్చింది, వెనకది యాభై నాలుగు దగ్గరికి వచ్చింది. గోడకూ హెల్మెట్‌కూ మధ్య తరంగం రెండుసార్లు తిరిగిందా అంటే, అలాగైతే ఎనభై చూపించాలి. పలక మార్చింది, హెల్మెట్ మార్చింది, చివరికి తల కూడా మార్చింది. రిటైరు కావడానికి ఏడాది ఉన్న, బాయి కప్పు పరీక్షించే సర్దార్ రఘుపతి తలకు పెట్టి చూసింది. రఘుపతి ఆమెకు కాక, అంటే చిన్నాన్న వరస, మత్తయి దగ్గర పని నేర్చుకున్నవాడు. ఎవరు పెట్టుకున్నా అదే. నలభై, అరవై నాలుగు. చెప్పొద్దూ, మూడో రోజుకు ఆ రెండో గీత లేవగానే ఆమెకు వీపు మీద చెయ్యి పడ్డట్టయి వెనక్కి తిరిగి చూసుకునేది.

ఆ గోడ వెనక ఏముందో తెలిసిన మనిషి ఎవరైనా అలాగే చూసుకుంటారు. ఆమె పదకొండు నెలల పిల్లగా ఉన్నప్పుడు అక్కడ బొగ్గుకు నిప్పంటుకుంది. బొగ్గులో నిప్పు నీళ్లకు లొంగదు. గాలి అందకుండా దారి మూస్తే తనంతట తాను చావాలి. అందుకని దారికి అడ్డంగా రెండు గోడలు కట్టి, నడుమ ఇసుక కూరి, గాలి చొరకుండా బిగిస్తారు. లోపల పని చేస్తున్న పదిహేడు మందిలో పదహారు మంది బయటపడ్డారు. పదిహేడో వాడు టోనీ, ఎవాంజెలిన్ తల్లి ఎలిజబెత్‌కు ఒక్కగానొక్క తమ్ముడు, ఇరవై రెండేళ్లవాడు. పొగకు అప్పటికే పోయాడని అధికారులు తేల్చారు. శవం లేదు, గుంత లేదు. సమాధుల పండుగ నాడు అందరూ తమ వాళ్ల సమాధులకు సున్నం వేసి కొవ్వొత్తులు పెడుతుంటే, ఎలిజబెత్ ఒక్క కొవ్వొత్తి చేత్తో పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ తిరిగేది.

నాలుగేళ్ల కిందట పోయేదాకా ఆ తల్లి మొగుణ్ణి ఒక్కటే అడిగింది. నువ్వు గోడ కట్టేటప్పుడు నా తమ్ముడు బతికి ఉండెనా అని. ఏడాదికోసారైనా అడిగేది, అడిగినప్పుడల్లా మత్తయి లేదనేవాడు. ఆ ఇంట్లో ఇంకో వింత కూడా ఉంది. తలుపు కొట్టకూడదు. చుట్టాలైనా పాస్టరైనా వాకిట్లో నిలబడి పేరు పెట్టి పిలవాల్సిందే. తెలియని వాడెవడైనా వచ్చి టకటకమని కొడితే మత్తయి మొహం సున్నం కొట్టినట్టయ్యేది, ఆ పూట అన్నం ముట్టేవాడు కాదు. పిచ్చి అనుకునేవాళ్లు అనుకున్నారు. ఇంట్లోవాళ్లు అలవాటు పడ్డారు.

గురువారం సాయంత్రం ఎవాంజెలిన్ వరండాలో తండ్రి పక్కన కూర్చుని, నవ్వుతూనే ఈ సంగతి ఎత్తింది. నీ గోడ వెనక నా మిషన్‌కు ఇంకేదో కనబడుతోంది బాపు అంది. డెబ్బై దాటిన మనిషి, ఊపిరి పట్టేసి ఛాతీ గుయ్యిమంటున్నా కోపానికి తక్కువ లేదు. నిన్నగాక మొన్న పుట్టిన డబ్బా వచ్చి నా గోడకు వంక పెడుతదా అని లేచాడు. పరీక్షకు వచ్చిన పెద్ద ఆఫీసర్ కర్రతో కొట్టి చూసి భుజం తట్టిన గోడ అది అన్నాడు. ఆమె సరేలే అని ఊరుకుంది. కాసేపటికి, ఎటో చూస్తూ ఆయనే అడిగాడు.

"ఏ పక్కన కొడుతుంది బిడ్డా? కుడి దిక్కా, ఎడమ దిక్కా?"

అది ఇంకా చూడలేదంది ఆమె. గోడ మీద అభిమానం, అంతకంటే ఏముంది అనుకుంది ఎవాంజెలిన్. కాని అడిగిన తీరు మాత్రం ఆమెకు నచ్చలేదు.

శుక్రవారం మొదటి షిఫ్టులో దిగి ఆ పనే చేసింది. కిరణాన్ని సూదిలా సన్నం చేసి, గోడను పైనుంచి కిందికి వరసగా దువ్వుకుంటూ వచ్చింది. కుడివైపు గోడ గోడలాగే ఉంది. నడుమ కూడా అంతే. ఎడమవైపు కింది మూలకు రాగానే అరవై నాలుగో అడుగు దగ్గర గీత లేచింది. ఒక మనిషి భుజాల వెడల్పు, మోకాలి ఎత్తు. ఆ ముక్క దాటి కిరణం ఎటు జరిగినా గీత పడిపోతోంది.

"కాకా, నీ కట్టె జర గా మూలకు కొట్టి చూడు" అంది.

కప్పు గట్టిగా ఉందో లేదో సర్దార్లు కర్రతో కొట్టి విని చెబుతారు. నలభై ఏళ్లు ఆ పని చేసిన చెవి రఘుపతిది. నీకు పిచ్చి గిట్ల లేసిందా అని గొణుక్కుంటూనే వంగి, నీళ్ల పైపు వెనక మూలలో రెండు దెబ్బలు వేశాడు. ఆ తర్వాత ఇంకో జానెడు పైన వేశాడు. మళ్లీ కిందికి వచ్చాడు. మనిషి వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. పైన గోడ టంగుమంది. కింద డబ్బుమని బోలుగా పలికింది. ఆ పైపు అడ్డం వల్ల ముప్పై ఒక్క ఏళ్లలో అక్కడ కర్ర పెట్టిన వాడు లేడు. ఏడాదికోసారి సున్నం కొట్టేవాళ్ల చీపురు తప్ప అక్కడికి ఏదీ పోలేదు.

గోరుతో గీరితే సున్నం పెచ్చు లేచింది. దాని వెనక సిమెంటు, దాని వెనక గోనెగుడ్డ పీచు. గోడ కాదు, వేలు మందం పొర. ఇటుక దగ్గర అలిగి ఆగిపోయే తరంగానికి గుడ్డా సున్నం ఒక అడ్డం కాదు, కాస్త నీరసపడి దాటిపోతుంది. రఘుపతి గ్యాసు మీటరు ఆ పెచ్చు దగ్గర పెట్టాడు. నిప్పు విడిచే గ్యాసు అంకెలు మెల్లగా పైకి ఎక్కాయి. లోపల నిప్పు చావలేదు. ఇంత గాలి దొరికితే ఎందుకు చస్తుంది?

పక్క దారిలో నలభై మంది పనిలో ఉన్నారు. ఎవాంజెలిన్ ఒక్క క్షణం ఆలోచించింది, ఆలోచించలేదని బుకాయించడం ఎందుకు. ఆ క్షణంలో తండ్రి మొహం కళ్ల ముందు తిరిగింది. తన యాంటెన్నాలోనే లోపమని ఒప్పేసుకుంటే ఏమవుతుంది అని కూడా అనుకుంది. ఆ తర్వాత ఫోను దగ్గరికి వెళ్లి విష్ణువర్ధన్‌కు చెప్పేసింది. గంటలో నలభై మందీ పైకి వచ్చారు. శనివారం పొద్దున రక్షణ దళం వచ్చి మూడు గజాలు ఇవతల తలుపున్న కొత్త గోడ లేపి, ఈ పాతది విప్పి లోపల చూడాలని నిర్ణయం అయిపోయింది. ముప్పై ఏళ్ల తనిఖీలకు దొరకనిది మీ పలకకు దొరికిందండీ, సోమవారం పరీక్ష అయిపోయినట్టే అనుకోండి అని విష్ణువర్ధన్ చెయ్యి కలిపాడు. గెలుపు ఇంత చేదుగా ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

నాలుగింటికి షేర్ ఆటో దిగి క్వార్టర్ల సందులోకి వచ్చేసరికి, మాట ఆమెకంటే ముందే వచ్చి కూర్చుంది. పక్కింటి పూలమ్మ కుళాయి దగ్గర బిందె పెట్టి చూసిన చూపులోనే తెలిసింది. మత్తయి వరండాలో లేడు. లోపల మంచం మీద, గోడకు వీపు ఆనించి, ఎవరో రమ్మంటే పోవడానికి సిద్ధమైనవాడిలా ఉతికిన చొక్కా తొడుక్కుని కూర్చున్నాడు.

ఆమె అడగకముందే అడిగాడు. "ఎడమ మూలకా?"

"ఎడమ మూలకే బాపు."

ఆయన తల ఊపాడు. ఎవాంజెలిన్‌కు అప్పుడు వచ్చింది కోపం. అక్కడ నలభై మంది పని చేస్తున్నారు, నువ్వు ఏం చేసినవో నీకు ఎరుకనేనా అని గట్టిగానే అడిగింది. తండ్రి మీద గొంతు లేపడం ఆమెకు అదే మొదలు. ఎరుకనే అన్నాడు మత్తయి. రిటైరయ్యేదాకా ప్రతి షిఫ్టులో ఆ గోడ దగ్గరికి పోయి మూలలో ముక్కు పెట్టి వాసన చూసి వచ్చేవాడినని, ఆ తర్వాత ఈ తొమ్మిదేళ్లలో ఒక్క రాత్రి కూడా కంటినిండ నిద్ర పోలేదని చెప్పాడు. ఆ మాట నమ్మాలో వద్దో ఆమెకు తెలియలేదు. తర్వాత ఆయన, ఎలిజబెత్‌కు చెప్పనిదంతా ఒక్కొక్కటిగా చెప్పుకుంటూ వచ్చాడు.

ఆ రోజు పొగలోకి పోయిన రక్షణ దళంలో ఇద్దరు సొమ్మసిల్లితే మిగతావాళ్లు మోసుకుని వెనక్కి వచ్చారు. గంటలో మూయకపోతే గ్యాసు అంటుకుని బాయి మొత్తం లేచిపోతుందని ఆఫీసర్ అన్నాడు, అందులో అబద్ధం లేదు. మత్తయికి ఇటుకలు అందిస్తున్నారు, ఆయన పేరుస్తున్నాడు. లోపలి గోడ సగం లేచిన వేళ, అవతల పైపు మీద మూడు దెబ్బలు వినబడ్డాయి. ఆగి, మళ్లీ మూడు. మత్తయి తాపీ కింద పెట్టి ఆఫీసర్‌కు చెప్పాడు. అది కప్పు సర్దుకునే సప్పుడు మేస్త్రీ, పని కానీయ్ అన్నాడు ఆఫీసర్. బొగ్గు కప్పు అలా చప్పుళ్లు చేస్తుందన్నది బాయిలో దిగిన ప్రతి ఒక్కరికీ తెలుసు. ఇటుకలూ ఇసుకా అందిస్తున్న పదిహేను మంది మొహాలు మత్తయినే చూస్తున్నాయి. ఆయన మళ్లీ తాపీ పట్టుకున్నాడు.

"పట్టుకున్న గని బిడ్డా, ఎడమ మూలన ఇటుకలు వట్టిగనే పేర్చిన. సిమెంటు పెట్టలే. లోపల్నుంచి జర కదిలిస్తే ఊడుతయ్. ఇసుక కూరేటప్పుడు గా మూల చెక్కలు అడ్డం పెట్టి, మనిషి పాకేంత దారి ఇడిసిన. బయటి గోడకు గాడనే గోనె కట్టి పైన పూత పూసిన, ఎవ్వలకు కనబడకుంట. టోనీకి తెల్వాలె గదా. గా మూలన మూడు దెబ్బలు కొట్టిన."

మూయమన్న గోడలో బామ్మర్ది కోసం తలుపు పెట్టిన మేస్త్రీ. అది ప్రాణం నిలపాల్సిన తలుపు. దాని గుండా గాలి పోయి నిప్పును బతికించింది, ఆ నిప్పు విడిచిన విషం ముప్పై ఏళ్లు నలభై మంది పక్కన కాచుకుని కూర్చుంది. ఆయనకు ఆ లెక్కా తెలుసు. అయినా ఆయన అడిగింది అది కాదు.

ఆయనకు కావలసింది ఒక్క సంగతి. ఇటుకలు ఆయన పేర్చినట్టే ఉన్నాయా, లేవా. ఉంటే టోనీ ఆ మూలకు రానే లేదు, ఆ దెబ్బలు కప్పు చప్పుళ్లే, ఆఫీసర్ అన్నదే నిజం, ఎలిజబెత్‌కు చెప్పింది అబద్ధం కాదు. లేకపోతే టోనీ బతికి ఉన్నాడు, వచ్చాడు, ఇటుకలు తీశాడు. ఇది చెప్పగలిగింది భూమ్మీద ఒక్కటే ఉంది, కూతురు చేసిన పలక. దాని గీతను చదవగలిగింది కూడా ఆ కూతురొక్కతే. రేపు గోడ విప్పేదాకా ఈ ముసలి ఛాతీ ఆగుతుందో లేదో.

"గుడ్డ కాడికెళ్లి లోపలికి నీ మిషిన్ ఎన్ని అడుగులు పోయింది బిడ్డా?" అన్నాడు.

ఎవాంజెలిన్‌కు అర్థమైంది. గుడ్డ దాటాక తరంగం ఇరవై నాలుగు అడుగులు పోయి, కూలిన బొగ్గుకో దేనికో తగిలి తిరిగింది. ఇటుకలు ఉంటే అంత దూరం పోయేది కాదు, వాటికి తగిలి అక్కడే తిరిగేది. విష్ణువర్ధన్ బల్ల మీద చూసిన పాత పటం గుర్తొచ్చింది. గోడ మొగం నుంచి లోపలి గోడ దాకా ఏడు అడుగులని అందులో రాసి ఉంది. రెండేళ్లుగా తప్పు చెప్పకూడదని ఆ పదహారు చుక్కలతో ఆమె పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. ఇప్పుడు మాత్రం అది తప్పు చెబితే బాగుండునని కడుపులోంచి కోరుకుంది. అది చెప్పదు కాబట్టి తనే చెప్పింది.

"ఏడడుగులు బాపు. ఏడు అడుగులు పోయి తిరిగొచ్చింది. ఇటుకలు ఉన్నయి."

మత్తయి కళ్లు మూసుకున్నాడు. ఆ మాట లోపలికి ఇంకినట్టే ఉంది. ఊపిరి కూడా కాస్త నిమ్మళంగా తీశాడు. హమ్మయ్య అనుకుంది ఎవాంజెలిన్, పాపమైతే పాపం. వంటింట్లోకి వెళ్లి చాయ్ పెట్టి రెండు గ్లాసులు తెచ్చింది. ఆయన గ్లాసు అందుకుని, తాగకుండా పట్టుకున్నాడు.

"పటంల ఏడు ఉంటది బిడ్డా. గా దినం ఇసుక తక్కువ పడ్డది, టైము లేకుండె. నేను నాలుగే పెట్టిన. నాకు తప్ప ఎవ్వలకు ఎరుక లేదు."

ఆమె చాయ్ గ్లాసు చేతిలో కాలుతున్నా కింద పెట్టలేదు. ఆయన కోప్పడలేదు. ఎలిజబెత్‌కు అన్నేళ్లు నేను గూడ గిట్లనే మంచికే చెప్పిన అన్నాడు. ఇగ నిజం చెప్పు అన్నాడు.

"ఇరవై నాలుగు."

ఆ గీతలో ఇంకొకటి కూడా ఉంది. గుడ్డకు అడుగు దూరంలో, నేలకు ఆనుకుని, చిన్న గుట్టలాంటిది. పొద్దున చూసి, గుడ్డ వల్ల తెర మీద పడ్డ మరకేలే అని తోసిపుచ్చింది. ఇప్పుడది మరక కాదని ఆమె ఒళ్లంతటికీ తెలిసింది. ఆ అడుగు సంగతి మాత్రం తండ్రికి చెప్పలేదు, చెప్పబోదు కూడా.

కాని మత్తయి దానికే వచ్చాడు. గుడ్డ చినిగి ఉందా అని అడిగాడు. లేదంది. ఎక్కడా చీలిక కూడా లేదా అన్నాడు. లేదంది. బయట రెండో షిఫ్టు బస్సు ఆగి, మనుషులను ఎక్కించుకుని పోయింది.

గోడ కట్టిన దినం తను వేసింది ఒక్కటే పూత అని చెప్పాడు. కాలుతో తంతే చినిగేది. తెల్లారి పది గంటలకు పెద్ద ఆఫీసర్ తనిఖీకి వస్తున్నాడని తెలిసింది. పొద్దున్నే దిగి తను చేత్తో నొక్కి చూసుకుంటే ఆ మూల లోపలికి వంగింది. దొరికితే నౌకరీ పోతుంది, జైలు కూడా. ఇంట్లో పదకొండు నెలల పిల్ల. సిమెంటు కలిపాడు. గుడ్డ మీద రెండో పూత, వేలు మందాన, నున్నగా, గోడకు గోడలా వేశాడు. అది గట్టిపడ్డాక ఆఫీసర్ వచ్చి, పైపు వెనక మూల తప్ప మిగతా గోడంతా కొట్టి చూసి మెచ్చుకున్నాడు. మత్తయి గోడ అన్న మాట ఆ రోజే పుట్టింది.

"గా రెండో పూత వేస్తాంటే, లోపల ఇటుక జారిన సప్పుడైంది" అన్నాడు మత్తయి. "కప్పు అనుకున్న. సారు చెప్పిండు కదా, కప్పు అని. నేను గట్లనే అనుకున్న. పూత ఆపలే."

ఎవాంజెలిన్ ఏడ్చింది. ఆ ఏడుపు ఎవరి కోసమో ఆమెకే తెలియదు. గుడ్డ దాకా పాకి వచ్చి, చీకట్లో చెయ్యి పెట్టి చూసి, గోడే అనుకుని ఆగిపోయిన ఇరవై రెండేళ్ల వాడి కోసమా, ఇవతల నిలబడి తాపీతో నున్నగా రుద్దుతున్నవాడి కోసమా. ఆ ఇద్దరి మధ్య ఉన్నది వేలు మందం. తన తరంగం దాన్ని సునాయాసంగా దాటింది, మనిషి దాటలేకపోయాడు.

మత్తయి చాయ్ గ్లాసు మంచం కింద పెట్టాడు. కూతురి తల మీద చెయ్యి వేశాడు, సిమెంటుకు కరుడు కట్టిన చెయ్యి.

"పొద్దుగాల గోడ ఇప్పుతరు గదా, నేను గూడ దిగుతనని మీ సారుకు చెప్పు. గా మూల కొత్త పోరగాండ్లతోని ఊడది. నేను వేసిన పూత అది."